ఉర్లగడ్డ సైజు చెప్పే కథ

ఆంధ్రలో బంగాళాదుంప అంటారు, తెలంగాణలో ఆలుగడ్డ అంటారు. మన కోయంబత్తూరు ఇళ్లలో మాత్రం ఉర్లగడ్డే. రాయలసీమలోనూ ఇదే మాట. అరవంలో 'ఉరుళై' అంటే దొర్లేది, గుండ్రనిది. దానికి మన 'గడ్డ' వచ్చి చేరింది.

1819లో నీలగిరి మన కోయంబత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు కలెక్టర్ జాన్ సల్లివన్ కొండెక్కాడు. తర్వాతి ఏళ్లలో సీమ కూరగాయలతో పాటు ఉర్లగడ్డనూ అక్కడ నాటించాడు. బడగ రైతులు దాన్ని తమ పంటగా చేసుకున్నారు. మేట్టుపాళయం నుంచి 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి కొండరైలు నడిచింది. కొండగడ్డకు మేట్టుపాళయం మండీలే పెద్ద సంత అయ్యాయి.

మండీలో ధర చెప్పేది సైజే. కానీ ఆ సైజు నాటేనాడే సగం తేలిపోతుంది. విత్తనగడ్డకు ఎన్ని కళ్లు మొలిస్తే అన్ని కాడలు. కాడలు ఎక్కువైతే గడ్డలు ఎక్కువ, ఒక్కొక్కటీ చిన్నది. మామూలుగా 40-50 గ్రాముల విత్తనాన్ని 60 సెంటీమీటర్ల సాళ్లలో 20 సెంటీమీటర్లకొకటి పెడతారు. దగ్గరగా పెడితే చిన్నగడ్డ, అది విత్తనానికి మంచిది. ఎడంగా పెడితే పెద్దది. విత్తనపంటలో గడ్డ మరీ ఊరకుండా ముందే ఆకును కోసేస్తారు. మట్టి ఎగదోయకపోతే ఎండ తగిలి గడ్డ పచ్చబడుతుంది, దాన్ని తినకూడదు.

ఇన్ని చేసినా కొన్ని చేలలో గడ్డ గోలీకాయంతే ఊరేది. ఎరువు చాలలేదనో, నీళ్లు చాలలేదనో రైతు అనుకుంటాడు. 1961లో జోన్స్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఊటీ చేలలో వేళ్లను పట్టిన కంటికి ఆనని పురుగును గుర్తించాడు. దాని గుడ్లు తిత్తుల్లో దాగి ఏళ్ల తరబడి మట్టిలో బతుకుతాయి. అందుకే నీలగిరి విత్తనం బయటి రాష్ట్రాలకు పోకుండా కట్టడి వచ్చింది. ఊటీ దగ్గర ముత్తోరైలోని కేంద్ర పరిశోధన స్థానం శ్రమ వల్ల పురుగును తట్టుకునే 'కుఫ్రీ స్వర్ణ' 1985లో విడుదలైంది. క్యాబేజీ, క్యారెట్, బీన్స్ మార్చి మార్చి వేయడం రెండో మందు.

చిన్నగడ్డను చూసి రైతును తప్పు పట్టకూడదని ఈ చరిత్ర నాకు నేర్పింది. నేల జబ్బు సైజులో తెలుస్తుంది. మా ఇంట్లో చిన్నదాన్ని పొడిగడ్డ అంటాం, తొక్కతోనే వేపుతాం. మీ ఇళ్లలో ఏమంటారు? మధురై వాళ్లు ఏమంటారు? మన అవ్వల నోట ఉన్న మాటలు వాళ్లతోనే పోకముందే కింద రాయండి.