తోలుబొమ్మ నుంచి వంటలక్క దాకా

టెలివిజన్ సీరియల్‌ను గురించి మన అభ్యుదయ విమర్శకులు రాసినది తక్కువ. రాసిన కొద్దిపాటిలోనూ తిట్టినదే ఎక్కువ. అది కన్నీళ్ల వ్యాపారమనీ, అత్తాకోడళ్ల రంపపుకోత అనీ, భూస్వామ్య కుటుంబ నీతిని ఇంటింటికీ చేరవేసే సాధనమనీ ఆ విమర్శ సారాంశం. అందులో అసత్యమేమీ లేదు. కాని ఆ మాట అనేటప్పుడు మనం కథను మాత్రమే చూస్తున్నాం; కథను మోస్తున్న మనిషిని చూడటం లేదు. సీరియల్ నటి పనిచేసి బతికే మనిషి. ఆమె పనికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని మన రాయలసీమలోనే జరిగాయి. అనంతపురం కరువు సీమలో తెలుగు సాహిత్యం బోధించే వృత్తిలో ఉన్నాను కనుక, ఆ ఘట్టాలను ఒక వరుసలో పెట్టి చూడటం నా బాధ్యత అనుకుంటున్నాను.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరు ఉంది. తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో కుటుంబమే బృందం. తెర వెనుక దీపం ముందు బొమ్మ ఆడుతుంటే, సీతకూ ద్రౌపదికీ గొంతు ఇచ్చేది ఆ ఇంటి ఆడవారే. ముఖం తోలుది, గొంతు స్త్రీది. ఆమెను ప్రేక్షకులు వింటారు, చూడరు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఆ తెరను దాటి స్త్రీ ముందుకు వచ్చింది సురభిలో. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించాడు. ఆయనది తోలుబొమ్మలాట తెలిసిన కుటుంబమే. అక్కడ స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. దీనిని సంస్కరణ అని పొగిడేవారున్నారు. నా అభిప్రాయంలో దానికి మూలం బతుకుతెరువు. కుటుంబమంతా కలిసి పనిచేస్తేనే కడుపు నిండే కులవృత్తిలో, ఆడవారిని ఇంట్లో కూర్చోబెట్టే వెసులుబాటు లేదు. పొలంలో కలుపు తీసే స్త్రీ ఎందుకు గడప దాటిందో, సురభి స్త్రీ కూడా అందుకే వేదిక ఎక్కింది.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే బళ్లారిలో మరొక నాటకరంగం పుట్టింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ వకీళ్లు. ఒకరిది సరసవినోదినీ సభ, మరొకరిది సుమనోరమ సభ. తెలుగు నాటకానికి వారు చేసిన సేవను ఎవరూ కాదనలేరు. కాని అది చదువుకున్న ఉద్యోగస్థుల నాటకం. అక్కడ పొట్టకూటి అవసరం లేదు, పరువు అవసరం ఉంది. అందుచేత ఆడవేషం మగవారే కట్టారు. ‘నాటకాలాడే స్త్రీ’ అన్న మాట తిట్టుగా నిలబడటానికి ఈ పరువే కారణం. సురభి స్త్రీ ఎంత బాగా ఆడినా, సభలవారి దృష్టిలో ఆమె కూలికి ఆడే మనిషి.

ఆ గోడను లోపలి నుంచే కొట్టినవాడు బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టాడు, ధర్మవరంవారికి మేనల్లుడు, ఆయనా వకీలే. స్త్రీ పాత్ర స్త్రీయే ధరించాలని పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల స్త్రీలను వేదిక మీదికి పిలిచాడు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి నటించింది. తరువాత 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ పనిని మరొక మెట్టు ఎక్కించింది. అక్కడ నటి ఉద్యమంలో భాగస్వామి.

ఇక సినిమా. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. అందులో లీలావతి సురభి కమలాబాయి. 1907లో నాటక కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో ప్రహ్లాదుని వంటి బాలపాత్రలు వేసి, పద్యం గొంతులో ఇంకించుకున్న మనిషి. ఆమెను బొంబాయి పిలిపించింది ఆ గొంతే. అప్పటికి నేపథ్యగానం లేదు. పాడలేనివారికి టాకీలో చోటు లేదు. ఆ కొద్ది సంవత్సరాలలో తెలుగు నటికి ముఖమూ గొంతూ రెండూ తనవే. 1951 నాటికి ఆమె తల్లి వేషాలకు వచ్చింది. కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’లో తోటరాముని తల్లి, బి.ఎన్.రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’లో నాగరాజు తల్లి. మొదటి దర్శకుడు తాడిపత్రివాడు, రెండవవాడు పులివెందుల ప్రాంతంవాడు. సీమ దర్శకులిద్దరికీ తల్లి కావలసివచ్చినప్పుడు గుర్తుకు వచ్చింది సీమ నాటక సమాజపు బిడ్డ. ఆమె పేరును కూడా గమనించాలి. సురభి ఒక ఊరు. ఊరి పేరు సమాజానికి వచ్చి, సమాజం పేరు నటికి ఇంటిపేరయింది. తోటివారి శ్రమ అంతా ఆ పేరులో ఉంది.

టెలివిజన్ వచ్చేసరికి లెక్క మారింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1984లో ఢిల్లీ నుంచి ‘హమ్ లోగ్’ వచ్చింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సీరియల్ ఒక పరిశ్రమ అయింది. ఈ ప్రక్రియ పుట్టుకే వ్యాపారంలో ఉంది. అమెరికాలో 1930లలో సబ్బుల కంపెనీలు గృహిణుల కోసం రేడియోలో రోజువారీ కథలు చెప్పించాయి. కథ ముగిస్తే సరుకు అమ్ముడుపోదు. అందుకే కథ ముగియదు. మన కుటుంబ వ్యవస్థకు కూడా ముగియని కష్టాలు కావలసినన్ని ఉన్నాయి కనుక, ఆ విత్తనం ఇక్కడ చక్కగా మొలిచింది.

ఒక నటి సంగతి చూద్దాం. ‘కార్తీకదీపం’ 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచింది. భర్త అనుమానించగా గడప దాటి, వంటలు చేసి బిడ్డను పెంచే దీప కథ. శనక్కాయ చేల నుంచి వచ్చిన ఆడవారు ఈ సీమలో ఆ వేళకు టీవీ ముందు కూర్చునేవారు. వారికి ఆమె ‘వంటలక్క’. నటి పేరు ప్రేమి విశ్వనాథ్. కేరళ అమ్మాయి. ఈ కథ మలయాళంలో 2014లో మొదలైన ‘కరుత్తముత్తు’కు పునర్నిర్మాణం, అక్కడా మొదట ఆ పాత్ర వేసింది ఆమే. తరువాత అక్కడ నటి మారింది, పాత్ర సాగింది. మనిషిని తీసి మనిషిని పెట్టవచ్చు, పాత్ర ఆగరాదు అన్నది ఈ పరిశ్రమ ధర్మం.

నల్లని స్త్రీకి జరిగే అన్యాయం ఆ కథకు ప్రాణం. అందుకు నల్లని నటిని వెదకలేదు. ఆమె రంగుకు మేకప్పుతో నలుపు అద్దారు. వర్ణవివక్షను ఖండించే కథే నల్లని స్త్రీకి పని ఇవ్వలేకపోయింది. గొంతూ ఆమెది కాదు. తెర మీద ఏడ్చింది ఒకరు, ఆ ఏడుపును తెలుగులో వినిపించింది మరొకరు. నిమ్మలకుంట తెర వెనుక సీతకు గొంతు ఇచ్చిన ఇల్లాలి చోట ఇప్పుడు డబ్బింగు గదిలో ఒక స్త్రీ కూర్చుంది. ఇన్నేళ్ల ప్రయాణంలో బొమ్మ స్థానంలోకి మనిషి ముఖం వచ్చింది. గొంతు మాత్రం మళ్లీ తెర వెనక్కే వెళ్లింది. ముఖానికైనా కీర్తి దక్కింది, అదీ పాత్ర పేరు మీద. గొంతుకు ఆ పాటి పేరు కూడా లేదు. ఈ ఇద్దరు స్త్రీల శ్రమ కలిస్తేనే ఒక వంటలక్క.

2022లో దీపను కథలో చంపి, పిల్లలను పెద్దవారిని చేశారు. ప్రేక్షకులు ఒప్పుకోలేదు. ఆ ఏడాదే ఆమెను మళ్లీ బతికించారు. ఇది ప్రేక్షకుల విజయమని కొందరన్నారు. నిజమే, అందులో ప్రజల ఇష్టానికి ఉన్న బలం కనిపిస్తుంది. కాని ఆ ఇష్టం యజమానికి చేరేది రేటింగు అంకె రూపంలోనే. మన రైతు ఆకాశం వైపు చూసినట్టు సీరియల్ నటి వారం వారం ఆ అంకె వైపు చూస్తుంది. వాన తప్పితే చేను ఎండుతుంది. అంకె తప్పితే పాత్ర చస్తుంది.

సీరియల్ నటికి సాధారణంగా పారితోషికం రోజు లెక్కన. పెద్ద పాత్రకు ఎక్కువ, చిన్న పాత్రకు తక్కువ, పద్ధతి ఒక్కటే. పిలిచిన రోజు పని, పిలవని రోజు పస్తు. 2020 మార్చిలో చిత్రీకరణలు ఆగి జూన్‌దాకా మొదలు కానప్పుడు ఈ సంగతి బయటపడింది. కథానాయికలు ఎలాగో గట్టెక్కారు. అత్త పక్కన నిలబడే చుట్టాలూ, పనిమనుషుల వేషాలూ, డబ్బింగువారూ, మేకప్పువారూ ఖాళీ చేతులతో కూర్చున్నారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఎన్ని లోపాలున్నా, మట్టి తవ్విన స్త్రీ పేరు మస్టరులో ఎక్కాలన్న సూత్రాన్ని అది ఒప్పుకుంది. ఏ మస్టరులోనూ లేని రోజుకూలీ, మెడ నిండా గిల్టు నగలతో, మన ఇళ్లలో ప్రతి సాయంత్రం కనిపిస్తోంది.

ఇంత చెప్పి సీరియల్‌ను సమర్థిస్తున్నావా అని మిత్రులు అడగవచ్చు. లేదు. స్త్రీ సహనాన్ని సద్గుణంగా అమ్మే కథను సమర్థించవలసిన పని లేదు. అయితే ఆ కథను ఖండించే హక్కు మనకు నిలవాలంటే, ఆ కథలో పనిచేసే స్త్రీని అవహేళన చేసే అలవాటు మానుకోవాలి. ‘సీరియల్ ఏడుపు’ అని అధ్యాపకుల గదిలో మనం నవ్వే నవ్వుకూ, ‘నాటకాలాడే ఆడది’ అని బళ్లారి సభలనాటి పెద్దలు విరిచిన మూతికీ నాకు పెద్ద తేడా కనిపించదు. రెండింటిలోనూ ఉన్నది కూలికి ఆడే స్త్రీపై పరువుగలవారి చిన్నచూపే.

మన కళాశాలల్లో స్త్రీ వేషానికి పేరుపొందిన స్థానం నరసింహారావును గురించి పాఠం చెబుతాం, చెప్పవలసిందే. దాని పక్కనే సురభి స్త్రీల చరిత్ర కూడా చెప్పాలి. విద్యార్థులు నిమ్మలకుంట వెళ్లి తెర వెనుక పాడిన వృద్ధ స్త్రీల మాటలు రాసుకురావాలి. డబ్బింగు కళాకారిణి పేరు తెర మీద వేయాలనీ, రోజుకూలి నటులకు పని భద్రత కావాలనీ అడిగే గొంతులకు మన సంఘం తోడు నిలవాలి. గొంతు ఇచ్చిన స్త్రీకి పేరూ, ముఖం ఇచ్చిన స్త్రీకి భద్రతా దక్కిననాడు సీరియల్ కథలు వాటంతట అవి మారిపోతాయని నేను అనను. కాని ఆ కథలు మారాలని లోపలి నుంచి అడగగల మనుషులు అప్పుడు ఉంటారు. రాఘవ చేసిన పని ఇంకా మిగిలే ఉంది.