పాత మడతచాకులు - వాని ఆనవాళ్లు

చిన్న మడతచాకును ఆంగ్లేయులు పెన్‌నైఫు, అనగా కలపుచాకు అందురు. పక్షి యీకను చెక్కి కలముగా వాడిన దినములలో, అరిగిన మొనను తిరిగి చెక్కుకొనుటకు లేఖకులకు చాకు చేతనుండవలసినదే. ఉక్కుపాళీ వచ్చి ఈకకలము పోయినది. పేరు మాత్రము నిలిచినది. ఇట్లే ప్రతి చాకు రూపము వెనుకను ఒక పని గలదు. పాతచాకులను సేకరించువారు ముందు చూడవలసినది ఆ పనిని గాని మెరుగును గాదు.

ఈ పరిశ్రమకు ఇంగ్లండులోని షెఫీల్డు పేరుపొందిన నగరము. అచ్చటి కత్తిపనివారి సంఘము 1624లో చట్టబద్ధమై, పనివారి ముద్రలను నమోదు చేయుచు వచ్చెను. అచ్చట పుట్టిన బార్లో చాకునకు పిడి మొదట పొడుగైన లోహపు పొన్ను ఉండును. కీలునకు బలమిచ్చునది అదియే. చౌకది, మొరటుది, కనుకనే అమెరికాలో పల్లెపిల్లల జేబులకును చేరినది. మార్కు ట్వేను 1876లో ప్రకటించిన టామ్ సాయరు కథలో బాలుడు దానిని బహుమానముగా పొంది పొంగిపోవును. గొఱ్ఱెగిట్ట అను పేరుగల అలుగునకు పదును తిన్నగా నుండి, వీపు మొనవైపు వంగియుండును. గుచ్చుకొనదు గనుక త్రాళ్లు కోయు నావికులు దానిని మెచ్చిరి. స్పే అను మొద్దుమొన అలుగు కోడెల విత్తులు తీయుటకు. తోటమాలి చాకు కొడవలివలె లోనికి వంగును.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఏండ్ల తరబడి నూరగా అరిగిన అలుగు మరియొక రకమువలె కానవచ్చును. అప్పుడు పదునంచును నమ్మక వీపును చూడవలెను. మడచినపుడు పిడిగాడి నిండుచున్నదో, వెలితి మిగులుచున్నదో పరికింపవలెను.

ముద్రలును మోసపుచ్చును. షెఫీల్డు పేరుతో పరదేశపు సరకు చలామణి యగుటచే 1887లో బ్రిటిషు ప్రభుత్వము సరకుల ముద్రల చట్టము చేసెను. 1890 నాటి అమెరికా సుంకపు చట్టము దిగుమతి వస్తువులపై దేశనామమును విధించెను. కావున ఇంగ్లండు అను మాటగల చాకు సాధారణముగా 1891 తరువాతిది. ఆ మాట లేనంత మాత్రమున పాతదని యెంచరాదు. హారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును చేసినది 1913లో. స్టెయిన్‌లెస్ అని యున్నచో అంతకు ముందుది కానేరదు.

నక్షత్రము, శిలువ గురుతులుగల రాడ్జర్సు చాకులు మన దేశమునను ప్రసిద్ధములు. అయితే అలుగుమీది పేరు సాధారణముగా వర్తక సంస్థది. సాగగొట్టినవాడొకడు, సానపట్టినవాడొకడు, పిడి కూర్చినవాడొకడు. సానరాతి ధూళి పీల్చి నడివయసు రాకుండగనే మరణించిన పనివారెందరో. వారి పేర్లు ఏ చాకు మీదను లేవు.

మన తాటాకు లేఖకులకును ఇట్టి సాధన మవసరమైనది. దక్షిణదేశమున దొరకిన గంటములలో కొన్నింటికి ఒకే పిడిలో మడచుటకు వీలుగా గంటమును, ఆకు కత్తిరించు చాకును గలవు. అటువంటిది ఏ యింటి అటకమీదనైన నున్నచో ఇటుకపొడితో తోమరాదు, గురుతులు చెరిగిపోవును. పిడి ఇత్తడిదని తూకమునకు వేయరాదు. ఎవరిది, ఎవరు వాడిరి, దేనికి వాడిరి - తెలిసిన పెద్దలుండగనే అడిగి, చీటిపై వ్రాసి, దారముతో దానికే కట్టియుంచవలెను.