సూరత్ చౌక్: రేవు మూగబోయిన చోట

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీలో పారిశ్రామికీకరణ పాఠం చదివినవాళ్లకు రెండు అంకెలు గుర్తుండే ఉంటాయి. 17వ శతాబ్దం చివర సూరత్ మీదుగా సాగిన వ్యాపారం విలువ 1.6 కోట్ల రూపాయలు. 1740ల నాటికి అది 30 లక్షలు. మనం ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన "బొంబాయి ఎదుగుదల" అని రాసుకుని పేజీ తిప్పేస్తాం. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో అర్థం కావాలంటే, ఎప్పుడైనా సూరత్ వెళ్లినప్పుడు చౌక్ బజార్‌లో దిగి, కోట పక్కగా నది ఒడ్డుకు నడిచి ఓ పావుగంట నిలబడండి.

రోడ్డువైపు సందడికి లోటేమీ లేదు. ఆటోలు, బస్సులు, తోపుడు బండ్లు, బేరాలు అన్నీ ఉంటాయి. నిశ్శబ్దమంతా నదివైపే. తాపీ నీళ్లు మెల్లగా కదులుతుంటాయి, ఓడ అన్నది కనిపించదు. పోర్చుగీసు దాడుల తర్వాత గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ కాలంలో ఖుదావంద్ ఖాన్ కట్టించి 1546లో పూర్తి చేసిన కోట ఇప్పుడు బాగుచేసిన మ్యూజియం. టికెట్ కొని లోపలికి వెళ్లొచ్చు. ఒకప్పుడు ఈ కోట తలుపులు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ఎర్ర సముద్రం దాకా పట్టింపు ఉన్న సంగతి.

1690ల్లో ఇక్కడ నిలబడ్డారనుకోండి. కోట ముందు మైదానం. దగ్గర్లోనే ఫుర్జా అని పిలిచే సుంకం కార్యాలయం. ఓడల్లో వచ్చిన వెండిని రూపాయలుగా మార్చే మొఘల్ టంకశాల. పెద్ద ఓడలు ఇక్కడిదాకా రాలేవు, తాపీలో అంత లోతు లేదు. అవి సముద్రం ఒడ్డున సువాలీ దగ్గర లంగరు వేస్తే, సరుకు పడవల్లో, బండ్లలో ఊళ్లోకి వచ్చేది. 1612లో థామస్ బెస్ట్ ఓడలు పోర్చుగీసువాళ్లతో తలపడింది ఆ సువాలీ దగ్గరే. ఆ వెంటనే 1613లో జహంగీర్ ఫర్మానా వచ్చింది. (ఇక్కడ చాలామంది మార్కు పోగొట్టుకుంటారు. ఇంగ్లిష్‌వాళ్ల వర్తక స్థావరం అంతకు ముందే 1611లో మన మచిలీపట్నంలో మొదలైంది. గ్లోబ్ అనే ఓడలో హిప్పన్ వచ్చినప్పటి మాట. మొఘల్ చక్రవర్తి ఫర్మానాతో శాశ్వతంగా పెట్టినది అని అడిగితేనే సూరత్.)

మక్కాకు వెళ్లే యాత్రికులు ఈ ఊరినుంచే ఓడ ఎక్కేవారు. 1644లో షాజహాన్ కాలంలో కట్టిన మొఘల్ సరాయి వాళ్ల బసకే. 1695లో ఇంగ్లిష్ సముద్రపు దొంగ హెన్రీ ఎవరీ దోచుకున్న గంజ్-ఇ-సవాయి ఓడ హజ్ యాత్రికులతో సూరత్‌కు తిరిగి వస్తున్నదే. ఆ కబురు తెలిసి ఊరు ఊరంతా రగిలిపోయింది. సూరత్‌లోని ఇంగ్లిష్ వర్తకులను పట్టి ఇనుప సంకెళ్లతో బంధించారు. ఆ రోజుల్లో కంపెనీ వాళ్ల బతుకు మొఘల్ అధికారి దయ మీద ఉండేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మీకు మెయిన్స్‌లో దొరకదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రేవు ఎందుకు మూగబోయింది?

గైడ్లను అడిగితే ముందు శివాజీ పేరు చెబుతారు. 1664 జనవరిలో ఒకసారి, 1670 అక్టోబరులో మరోసారి దాడి జరిగిన మాట నిజమే. మొదటి దాడిలో అధికారి ఇనాయత్ ఖాన్ ఊరిని వదిలేసి ఈ కోటలోనే తలుపులు బిగించుకుని కూర్చున్నాడు. అప్పటి కుబేరుడు వీర్జీ వోరా ఇల్లు దోపిడీ అయింది. తర్వాత బొంబాయి మాట వస్తుంది. 1668లో ఆ దీవి కంపెనీ చేతికి వచ్చింది, 1687లో కంపెనీ పశ్చిమ తీరపు కేంద్రం సూరత్ నుంచి అక్కడికి మారింది. (గోల్కొండ పడిపోయిందీ 1687లోనే. రెండూ కలిపి గుర్తుపెట్టుకోండి.)

ఒక్కసారి తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1.6 కోట్లు ఎప్పటి లెక్క? 17వ శతాబ్దం చివరిది. అంటే శివాజీ రెండో దాడి జరిగి పాతికేళ్లు దాటాక, కంపెనీ కేంద్రం బొంబాయికి వెళ్లిపోయి పదేళ్లు దాటాక. మనం కారణాలుగా రాసుకున్న రెండూ జరిగిపోయిన తర్వాతే సూరత్ తన శిఖరాన ఉంది. ఆనాటి పెద్ద వర్తకుడు ముల్లా అబ్దుల్ గఫూర్. ఒక్కడి చేతి కింద నడిచిన ఓడలు యూరప్ కంపెనీలకే పోటీ. అందువల్ల "బొంబాయి ఎదిగింది, సూరత్ పడిపోయింది" అన్న ఒక్క వాక్యం తారీఖుల దగ్గరే తేలిపోతుంది. బొంబాయికి పాత్ర లేదని కాదు, అది వేదిక మీదికి వచ్చింది ఆలస్యంగా.

గఫూర్ 1718లో చనిపోయాడు. ఆ తర్వాతి పాతికేళ్లలో సూరత్ ఓడలు ఆధారపడ్డ మూడు వైపులా తాళ్లు తెగాయి. 1722లో అఫ్గాన్ల చేతిలో ఇస్ఫహాన్ పడింది, సఫావీ ఇరాన్ మార్కెట్ కుప్పకూలింది. యెమెన్‌లో కలహాలతో మోఖా వ్యాపారం దెబ్బతింది. ఇటు గుజరాత్ లోపల మరాఠాల చౌత్ వసూళ్లు, ఆగ్రా దారిలో భద్రత లేకపోవడం. నేత ఊళ్లనుంచి సరుకు రేవుకు చేరడమే కష్టమైంది. ఆషిన్ దాస్ గుప్తా 1979లో రాసిన పుస్తకంలో చెప్పింది సారాంశంలో ఇదే: మొఘల్, సఫావీ, ఒట్టోమన్ అనే మూడు పెద్ద రాజ్యాల బలహీనత ఒక ఊరి రేవులో కలిసి పేలింది.

వీటన్నిటికన్నా 1732లో జరిగింది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది, అదేమో ఏ గైడ్ పుస్తకంలోనూ ఎక్కువగా కనిపించదు. రైతుల దగ్గర పన్ను రాకపోయేసరికి ముత్సద్ది (రేవు అధికారి పదవి పేరు) సొహ్రాబ్ ఖాన్ వర్తకుల మెడ మీద కత్తి పెట్టాడు. అప్పులన్నాడు, కానుకలన్నాడు. గఫూర్ మనవడు ముల్లా మహమ్మద్ అలీ ముందు నిలబడి వర్తకులను కూడగట్టాడు. నమ్మండి, ఓడల యజమానులు, సరాఫులు కలిసి మొఘల్ అధికారిని ఊళ్లోంచి వెళ్లగొట్టి, తేగ్ బేగ్ ఖాన్‌ను ఆ గద్దె మీద కూర్చోబెట్టారు. మొఘల్ కాలంలో వర్తకులు రాజకీయంలో వేలు పెట్టలేదు అని రాసేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

కానీ గెలిచినవాళ్లకు మిగిలిందేమీ లేదు. మహమ్మద్ అలీ తాపీ మీద అఠ్వా దగ్గర సొంత రేవు కట్టుకోవడం కొత్త అధికారికి కంటగింపైంది. ఏడాది తిరక్కుండానే, 1733లో, తాము గద్దె ఎక్కించిన తేగ్ బేగ్ ఖానే అతణ్ణి ఖైదు చేశాడు. ఆ ఖైదులోనే అతని ప్రాణం పోయింది. సూరత్‌లోకెల్లా పెద్ద ఓడల ఇల్లు అలా కూలింది. ఈరోజు అఠ్వా లైన్స్ అంటే ఊళ్లో ఖరీదైన పేట, ఆ పేరులోని రేవు సంగతి అడిగేవాళ్లు తక్కువ.

అధికారి నుంచి తనను కాపాడేవాడు కావాలనుకున్న వర్తకుడు ఎటు చూస్తాడు? బొంబాయి నుంచి వచ్చే ఓడల వైపు. 1759లో సిద్దీల చేతిలో ఉన్న ఈ కోటను ఇంగ్లిష్‌వాళ్లు పట్టుకున్నారు. కోటతో పాటు మొఘల్ నౌకాదళపు పదవినీ ఢిల్లీ నుంచి ఫర్మానాగా తెచ్చుకున్నారు. ప్లాసీ జరిగి అప్పటికి రెండేళ్లే. ఊళ్లోని బనియా సరాఫులు దీనికి అండగా నిలిచారని లక్ష్మీ సుబ్రమణియన్ వాదన, అంత గట్టి కూటమి ఏదీ లేదని తొర్రీ అభ్యంతరం. జవాబు రాసేటప్పుడు రెండు పక్షాలూ చెప్పండి, ఆ తర్వాత మీ మొగ్గు ఎటో ఒక్క వాక్యంలో తేల్చండి. నా మొగ్గు అడిగితే, 1733 తర్వాత ఆ సరాఫులకు ఎంచుకోవడానికి పెద్దగా మిగల్లేదు. 1800లో నవాబుకు భరణం కట్టి పాలన మొత్తం కంపెనీ తీసేసుకుంది. 1837లో పెద్ద అగ్నిప్రమాదం, వరద ఒకే ఏడాది వచ్చి పాత ఊరిని సగం తుడిచిపెట్టాయి.

మన బందరు కోటకు వెళ్లినవాళ్లకు ఈ నిశ్శబ్దం కొత్తేమీ కాదు. డచ్చివాళ్ల సమాధులు అక్కడా ఉన్నాయి, సూరత్ కతార్‌గాంలోనూ ఉన్నాయి. తేడా ఒక్కటి. మద్రాసు, 1864 తుపాను కలిసి దెబ్బతీసిన బందరు పెద్ద ఊరిగా మళ్లీ లేవలేదు. సూరత్ లేచింది. 2011 జనగణనలో 44 లక్షల మంది. వజ్రాల సాన, మరమగ్గాలు. రేవు చచ్చిపోయింది గానీ బట్టతో ఊరికున్న సంబంధం చావలేదు. అందుకే "సూరత్ పతనం" అని రాసేచోట "సూరత్ ఓడరేవు పతనం" అని రాయడం అలవాటు చేసుకోండి, ఒక్క మాట తేడాతో జవాబు నిలబడుతుంది.

ఆ మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లలో కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీలు చాలామంది. లింబాయత్, ఉధ్నా వైపు తిరిగితే తెలుగు వినపడుతుంది. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. చౌక్ చూశాక ఆ సంస్థ కార్యాలయం కూడా చూసి రండి, దగ్గరే. మక్కా యాత్రికులు ఓడ కోసం ఎదురుచూస్తూ బస చేసిన 1644 నాటి మొఘల్ సరాయి అదే. వాకిలి ఎత్తుగా ఉంటుంది, లోపల పన్నుల కౌంటర్ల దగ్గర జనం వరుసలో నిలబడి ఉంటారు.