1868 సూర్యగ్రహణం: గుంటూరు, మచిలీపట్నం పరిశీలనలు – హీలియం కథనంపై పునర్విచారం

గుంటూరు చరిత్రను పరిచయం చేసే రచనలలోను, జనరంజక విజ్ఞాన వ్యాసాలలోను తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: 1868లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో హీలియం మూలకాన్ని కనుగొన్నాడు. ఈ వాక్యంలో సంవత్సరం సరైనదే, ఊరు సరైనదే, మనిషి కూడా సరైనవాడే. క్రియ ఒక్కటే సరికాదు. ఆ రోజు, ఆ మరునాడు గుంటూరులో జరిగినది హీలియం ఆవిష్కరణ కాదు. సూర్యుని చూసే పద్ధతినే మార్చిన వేరొక ఆవిష్కరణ. స్థానికాభిమానం లేని గౌరవాన్ని పట్టుకొని ఉన్న గౌరవాన్ని జారవిడుచుకొన్నది. మచిలీపట్నానికి రావలసిన వాటా కూడా ఈ గందరగోళంలోనే మరుగునపడింది.

విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం, అనగా 1868 ఆగస్టు 18న ఆ సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. చంద్రచ్ఛాయ ఏడెన్ మీదుగా అరేబియా సముద్రం దాటి, దక్కను పీఠభూమిని అడ్డంగా కోసుకొని, వనపర్తి, గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతంలో ప్రవేశించి సయాం వైపు సాగింది. సయాం సింధుశాఖ ప్రాంతంలో సంపూర్ణ గ్రాసం ఆరు నిమిషాల నలభై సెకండ్లకు పైగా నిలిచింది. అంత దీర్ఘకాలం చీకటి నిలిచే గ్రహణం అరుదు కనుకనే యూరపు దేశాల శాస్త్రసంస్థలు ఎంతో ముందుగా ఏర్పాట్లు మొదలుపెట్టాయి. సయాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా గణితం చేసి, పరివారంతో గ్రహణ ప్రదేశానికి తరలివెళ్లి చూశాడు. అక్కడ సోకిన జ్వరంతోనే అక్టోబరు 1న మరణించాడు.

గ్రహణకాలాన్ని ముందే చెప్పడం భారతీయులకు కొత్త విద్య కాదు. చంద్రుడు సూర్యుని కప్పుతాడనీ, భూచ్ఛాయ చంద్రుని కప్పుతుందనీ ఆర్యభటుడు గోళపాదంలోనే స్పష్టంగా చెప్పాడు. సూర్యసిద్ధాంతంలో సూర్యగ్రహణానికి ప్రత్యేకాధికారమే ఉంది. ద్రష్ట ఉన్న చోటును బట్టి కలిగే భేదాన్ని లంబన, నతి సంస్కారాలతో సవరించే పద్ధతి అందులో వివరించబడింది. పురాణంలోని రాహువు వేరు, గణితంలోని పాతబిందువు వేరు అన్న ఎరుక సిద్ధాంతులకు ఎప్పటినుంచో ఉంది. అయితే ఆ శాస్త్రం సమాధానం చెప్పిన ప్రశ్నలు "ఎప్పుడు", "ఎక్కడ", "ఎంత" అన్నవి. సూర్యుడు ఏ పదార్థంతో తయారయ్యాడన్న ప్రశ్న దాని పరిధిలోనిది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధంలో యూరపు ఖగోళశాస్త్రానికి కూడా అది అందనిదే. నక్షత్రాల రసాయన స్వభావం మానవునికి ఎన్నటికీ తెలియదని 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్ తేల్చిచెప్పాడు.

ఆ మాట పాతికేళ్లు కూడా నిలువలేదు. సూర్యకాంతిని పట్టకం ద్వారా విడదీసినప్పుడు వర్ణపటంలో కనిపించే నల్లని రేఖలను ఫ్రౌన్‌హోఫర్ 1814 నాటికే గుర్తించి, వాటిలో ప్రధానమైనవాటికి అక్షరాలతో పేర్లు పెట్టాడు. ఆ రేఖలలో ఒక్కొక్కదానిని ఒక్కొక్క మూలకంతో ముడిపెట్టవచ్చునని 1859–60లలో కిర్కాఫ్, బున్సెన్ నిరూపించారు. పసుపు రంగులో జంటగా ఉండే డి రేఖలు సోడియానివి. ఎరుపులోని సి రేఖ, నీలంలోని ఎఫ్ రేఖ హైడ్రోజన్‌వి. మండుతున్న వాయువు కాంతిమంతమైన రేఖలను ఇస్తుంది; ఘనపదార్థమైతే అవిచ్ఛిన్నమైన వర్ణపటాన్ని ఇస్తుంది. ఈ సూత్రం చేతికి వచ్చిన తరువాత భారతదేశంలో సంభవించిన తొలి దీర్ఘ సంపూర్ణ గ్రహణం 1868 నాటిది. గ్రహణవేళ సూర్యబింబపు అంచున ఎర్రగా ఎగసే జ్వాలలు సూర్యునివేగాని చంద్రునివి కావని 1860లో స్పెయిన్‌లో తీసిన ఛాయాచిత్రాలు తేల్చాయి. మిగిలిన ప్రశ్న ఆ జ్వాలల పదార్థం ఏమిటన్నది.

గుంటూరును ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. అప్పటికి అది ప్రత్యేక జిల్లా కేంద్రం కాదు. 1859లో పాత గుంటూరు, మచిలీపట్నం జిల్లాలు కలిసి కృష్ణా జిల్లాగా ఏర్పడ్డాయి. గుంటూరు జిల్లా మళ్లీ విడివడినది 1904లో. పట్టణానికి పత్తి వ్యాపారం వల్ల పేరుండేది. ఫ్రెంచి వర్తకులు కూడా ఇక్కడ ఉండేవారు. సముద్రతీరపు పొగమంచుకు, పశ్చిమాన కొండల మీద కమ్మే మబ్బులకు సమదూరంలో ఉండడమే జాన్సెన్ దృష్టిలో ఈ ఊరి యోగ్యత. శ్రావణమాసంలో ఆకాశం నిర్మలంగా ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. జాన్సెన్ ఒక ఫ్రెంచి వర్తకుని మేడమీద పరికరాలను నిలుపుకొన్నాడు. అదే ఊరిలో మేజర్ టెన్నంట్ నాయకత్వాన బ్రిటిష్ బృందం కూడా దిగింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ తన బృందంతో మచిలీపట్నం వెళ్లాడు. నాలుగేళ్ల ముందు, 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేల మందిని పోగొట్టుకొన్న పట్నం అది.

ఆ ఉదయం గుంటూరులో ఆకాశం తేటపడింది. ఐదు నిమిషాలకు పైగా నిలిచిన చీకటిలో సూర్యుని అంచున రెండు పెద్ద జ్వాలలు కనిపించాయి. వాటిలో ఒకటి ఎంత పెద్దదంటే టెన్నంట్ బృందం దానికి "పెద్దకొమ్ము" అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. జాన్సెన్ వర్ణపటదర్శిని చీలికను జ్వాల మీదికి తిప్పగానే అవిచ్ఛిన్న వర్ణపటం మాయమై, వేర్వేరు రంగులలో కొద్ది రేఖలు మాత్రం మెరుస్తూ నిలిచాయి. అంటే జ్వాలలు వాయుమయాలు. వాటిలో ప్రధానమైనది హైడ్రోజన్. ఈ నిర్ణయానికి ఆ రోజు వచ్చినవాడు జాన్సెన్ ఒక్కడే కాదు. టెన్నంట్ గుంటూరులో, పోగ్సన్ మచిలీపట్నంలో, జాన్ హెర్షెల్ జమఖండిలో, రాయే మలయా ద్వీపకల్పంలో దాదాపు ఇదే చూశారు.

జాన్సెన్‌ను మిగిలినవారి నుంచి వేరు చేసినది గ్రహణం కాదు, గ్రహణం విడిచిన తరువాత ఆయన చేసిన పని. ఆ రేఖలు ఎంత కాంతిమంతంగా ఉన్నాయంటే, వాటిని గ్రహణం లేకుండానే చూడవచ్చునన్న ఆలోచన ఆయనకు అప్పుడే తట్టింది. ఆ మధ్యాహ్నం మబ్బులు అడ్డుపడ్డాయి. ఆగస్టు 19 ఉదయం, పూర్ణబింబంతో వెలుగుతున్న సూర్యుని అంచు మీదికి చీలికను తీసుకువెళ్లాడు. ఎరుపులో సి స్థానంలో, నీలంలో ఎఫ్ స్థానంలో ప్రకాశమానమైన రేఖలు కనిపించాయి. నిన్న చంద్రుడు కప్పితేగాని కనిపించని జ్వాల ఇప్పుడు పట్టపగలు కనిపిస్తున్నది.

ఇది ఎలా సాధ్యమైందో వివరించడం అవసరం, ఎందుకంటే గుంటూరు ఆవిష్కరణ సారం ఇందులోనే ఉంది. పగటివేళ జ్వాలలను కనబడనీయనిది దూరం కాదు; సూర్యుని చుట్టూ మన వాతావరణం చెదరగొట్టే తీవ్రమైన వెలుగు. ఆ వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. పట్టకం దానిని ఒక పొడవైన పట్టీగా పరుస్తుంది. పట్టకాల సంఖ్య పెంచినకొద్దీ పట్టీ మరింత సాగి, దానిలో ప్రతి చోటా వెలుగు పలుచబడుతుంది. జ్వాలలోని హైడ్రోజన్ కాంతి మాత్రం కొన్ని నిర్దిష్ట వర్ణాలలోనే ఉన్నది కనుక సాగదు. తన రేఖలలోనే కుదించుకొని ఉంటుంది. నేపథ్యం మసకబారి రేఖ బయటపడుతుంది. చీలికను అంచు వెంట కొంచెం కొంచెంగా జరుపుతూ రేఖ పొడవును గుర్తిస్తే జ్వాల రూపాన్నే గీయవచ్చు. సెప్టెంబరు మొదటి రోజుల వరకు జాన్సెన్ గుంటూరులోనే ఉండి ఇలాంటి పరిశీలనలు చేశాడు. జ్వాలలు గంటలలో, ఒక్కొక్కప్పుడు నిమిషాలలో రూపం మార్చుకోవడం మానవుడు చూడడం ఇదే మొదలు. అంతవరకు ఏళ్లకొకసారి కొద్ది నిమిషాలు చిక్కే దృశ్యం నిత్యపరిశీలనకు అందుబాటులోకి వచ్చింది.

ఈ వార్త పారిస్‌కు చేరిన తీరు కూడా తెలుగు తీరానికి సంబంధించినదే. జాన్సెన్ తన ఆవిష్కరణను విన్నవించిన లేఖ 1868 సెప్టెంబరు 19న కాకినాడలో రాసినది. సూయజ్ కాలువ తెరుచుకొనేందుకు ఇంకా ఏడాదికి పైగా ఉంది. తపాలా ఈజిప్టు దాకా ఓడలోను, అక్కడ నేల మీద, తిరిగి ఓడలోను ప్రయాణించాలి. లేఖ నెలకు పైగా దారిలో ఉన్నది. ఈలోగా లండన్‌లో, యుద్ధ మంత్రిత్వశాఖలో గుమాస్తాగా పనిచేస్తున్న నార్మన్ లాకియర్ అదే ఆలోచనను అక్టోబరు 20న విజయవంతంగా ఆచరణలో పెట్టాడు. ఆయనకు ఈ ఊహ 1866లోనే కలిగింది. కావలసిన పరికరం తయారై రావడంలో ఆలస్యమైంది. ఇద్దరి లేఖలు అక్టోబరు 26 నాటి ఫ్రెంచి అకాడమీ సమావేశంలో ఒకదాని వెంట ఒకటి వినబడ్డాయి. ఎవరు ముందన్న తగవు పెట్టుకోకుండా గౌరవాన్ని ఇద్దరికీ చెందనీయాలని ఖగోళశాస్త్రజ్ఞుడు ఫాయె కోరాడు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖచిత్రాలతో ఒక పతకాన్ని ముద్రించింది.

గందరగోళానికి మూలం ఈ పతకమే కావచ్చుననడం అతిశయోక్తి కాదు. అది జ్వాలలను గ్రహణం లేకుండా చూసే పద్ధతికి ఇచ్చిన గౌరవం. లాకియర్ పేరు తరువాతి కాలంలో హీలియంతో విడదీయరానిది కావడంతో, పతకంలో ఆయన పక్కనున్న జాన్సెన్‌కు కూడా హీలియంలో భాగం వచ్చి చేరింది. జాన్సెన్‌కు పసుపు రేఖ కనిపించకపోలేదు. కాని దానిని కొత్త పదార్థపు జాడగా ఆయన ప్రకటించలేదు. ఆయన దృష్టి హైడ్రోజన్ రేఖల మీదనే నిలిచింది.

ఆ పసుపు రేఖ కథ వేరు. గ్రహణం నాడు చాలామంది దానిని చూశారు. చూసినవారిలో ఎక్కువమంది అది సోడియం డి రేఖేనని అనుకొన్నారు. టెన్నంట్ నివేదికలో అది డి రేఖే, రాయే నివేదికలోనూ అంతే. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం ఆ రేఖ డి స్థానంలోనో, దాని సమీపంలోనో ఉన్నదని నమోదు చేశాడు. "సమీపంలో" అన్న ఆ ఒక్క మాట విలువైనది. డి జంటరేఖల తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు; జ్వాలలోని పసుపు రేఖది 587.6. చిన్న పరికరంతో, ఐదు నిమిషాల చీకటిలో ఈ భేదాన్ని శంకించగలగడం సామాన్యమైన పరిశీలన కాదు. నక్షత్రకాంతి ప్రమాణాలను గణితబద్ధం చేసిన పోగ్సన్‌కు కంటి నిదానం కొత్తది కాదు. అయితే ఆయన నివేదిక యూరపులో విరివిగా ప్రచారం పొందలేదు, అనుమానం అనుమానంగానే ఉండిపోయింది. దానిని నిర్ణయంగా మార్చినవాడు లాకియర్. గ్రహణం లేని తీరిక సమయంలో, పదే పదే కొలిచి, ఆ రేఖ సోడియానిది కాదని ఆయన తేల్చాడు. డి1, డి2లకు తోడుగా డి3 అన్న పేరు అలా వచ్చింది. తీరికగా కొలిచే ఆ అవకాశం గుంటూరులోను లండన్‌లోను వేర్వేరుగా పుట్టిన పద్ధతి వల్ల కలిగినదే. ఈ అర్థంలో గుంటూరుకు హీలియంతో సంబంధం ఉంది. ఆ సంబంధం ప్రచారంలో ఉన్నది మాత్రం కాదు.

పేరులోనూ ఒక విశేషముంది. గ్రీకులో సూర్యునికి గల హీలియోస్ అన్న మాట నుంచి హీలియం వచ్చింది. చివరి "ఇయం" ప్రత్యయం సోడియం, కాల్షియం వంటి లోహాల పేర్లలోనిది. ఆ పదార్థం లోహమేనని అప్పటి ఊహ. 1871లో విలియం థామ్సన్ తన ప్రసంగంలో ఈ పేరును ప్రస్తావించాడు. రసాయన శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే పసుపు రేఖను చూసిన తరువాతనే హీలియం భూమి మీది పదార్థమైంది. తరువాత దొరికిన జడవాయువులకు నియాన్, క్రిప్టాన్, జీనాన్ అని "ఆన్" అంతంగా పేర్లు పెట్టారు; ఒక్క హీలియం మాత్రం లోహపు తోకతోనే మిగిలింది. తెలుగులోకి కూడా ఆ తోకతోనే వచ్చింది.

ఈ గ్రహణ వృత్తాంతంలో గుంటూరు, మచిలీపట్నాల పక్కన నిజాం రాజ్యంలోని వనపర్తి సంస్థానాన్ని కూడా చేర్చాలి. మద్రాసు వేధశాల పంపిన రెండవ బృందం అక్కడికే వెళ్లింది. దాని నాయకుడు పోగ్సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచారి. అంతకు ముందు సంవత్సరమే ఆయన జాలక రాశిలో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నాడు. వనపర్తికి ఆయన వెళ్లడాన్ని యూరపు దండయాత్రలకు అనుబంధంగా మాత్రమే చూడడం న్యాయం కాదు. జాన్సెన్, లాకియర్‌ల ప్రశ్న సూర్యుని పదార్థం గురించినది. రఘునాథాచారి జీవితాంతం పట్టుకొన్న ప్రశ్న పంచాంగం గురించినది. సిద్ధాంత గ్రంథాల స్థిరాంకాలు కాలక్రమంలో ఆకాశానికి దూరమయ్యాయని, గ్రహణకాలాలే దానికి సాక్ష్యమని, వేధశాలలో చూసిన దానితో గణితాన్ని సరిచూడాలని ఆయన వాదించాడు. ఆ పద్ధతిలో దృగ్గణిత పంచాంగాన్ని కూర్చాడు. 1874 డిసెంబరు 9 నాటి శుక్రగ్రహ సంక్రమణాన్ని గురించి, ఒక సిద్ధాంతికి ఇతరులకు మధ్య సంభాషణగా ఒక చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషులోను కొన్ని దేశభాషలలోను వెలువరించాడు. ఆ సంభాషణలో సిద్ధాంతిని హేళన చేయలేదు. ఆ శాస్త్ర పరిభాషలోనే కొత్త గణితాన్ని ముందుంచాడు. పారిస్‌లో పతకం ముద్రించిన 1872లోనే ఆయన లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు.