పొరపాటున పుట్టిన పెట్టె

అట్టపెట్టెకు లోకంలో మర్యాద తక్కువ. ఇంటికి కొత్త వస్తువు వచ్చిందంటే అందరి కళ్ళూ వస్తువు మీదే. పెట్టెను పిల్లలు రైలుబండి చేసుకుంటారు, పిల్లి వచ్చి అందులో కాపురం పెడుతుంది, చివరకు పాతసామాన్లవాడు కిలోల లెక్కన తూచి పట్టుకుపోతాడు. నేనూ ఇన్నేళ్ళూ దాన్ని అలాగే చూశాను. జనగామలో మా బావ అట్టపెట్టెల షెడ్డు పెట్టాకే దానికీ ఒక చరిత్ర ఉందనీ, అందులో సగం మొరాయించిన యంత్రాల కథేననీ తెలిసింది.

షెడ్డంటే పెద్ద ఫ్యాక్టరీ అనుకునేరు! రేకుల కప్పు కింద నాలుగు యంత్రాలు. కాగితాన్ని అలలు అలలుగా ముడత పెట్టేది ఒకటి, దానికి సాదా కాగితం అతికించేది ఒకటి, మడత గీతలు నొక్కి అంచులు కోసేది ఒకటి, చివర్న ఇనుప పిన్నులు కొట్టేది ఒకటి. అంతే.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు మంచి ముసురు. ఆరబెట్టిన అట్టలన్నీ వేయించిన అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. మా బావ మిషన్ అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ, స్పానర్ పట్టుకుని కనిపించిన బోల్టల్లా బిగించబోతున్నాడు. పాత ఆపరేటరు ఒకాయన ఉన్నాడు, అందరూ కాకా అంటారు, ఆయన అడ్డం వచ్చాడు.

"మిషన్‌కేం రోగం లేదు సేటూ. కాయితం నీళ్ళు తాగింది. ముందుగాల దాన్ని అర్సుకో."

సంగతేమిటంటే, అట్టలో మూడు పొరలుంటాయి. పైనా కిందా సాదా కాగితాలు, నడుమ ముడతల కాగితం. పై కాగితం రీలు గోడవార చెమ్మలో నానుతూ ఉంది. కింది కాగితం రీలు పొడిగా ఉంది. రెండూ అతుక్కున్నాక తడిది ఆరుతుంది, ఆరుతూ కుదించుకుపోతుంది, పోతూ పోతూ అట్టనంతా తనవైపు లాక్కుంటుంది. అచ్చం ఉమ్మడి కుటుంబమే! కాకా రీళ్ళను గోడ దగ్గర్నుంచి జరిపించి, చెక్కబల్లలమీదికి ఎక్కించి, రెండు రోజులు గాలికి వదిలేశాడు. బోల్టు ఒక్కటీ ముట్టుకోలేదు. మూడోనాడు అట్టలు సాపుగా వచ్చాయి.

తమాషా ఏమంటే, ఈ ముడతల కాగితం పుట్టిందే తడి గొడవతో. 1856లో ఇంగ్లండులో హీలీ, అలెన్ అనే ఇద్దరు దీనికి పేటెంటు తీసుకున్నది పెట్టెలకోసం కాదు, దొరలు పెట్టుకునే పొడుగు టోపీల లోపలి పట్టీకోసం. తలకు కాస్త గాలి ఆడాలి, చెమట పీల్చుకోవాలి. 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన దాన్ని సీసాలకూ లాంతరు చిమ్నీలకూ చుట్టాడు. 1874లో ఆలివర్ లాంగ్ ఒకవైపు సాదా కాగితం అతికించి, ముడతలు విచ్చుకుపోకుండా చేశాడు. టోపీలోంచి చిమ్నీకీ, చిమ్నీనుంచి పెట్టెకీ వచ్చిందన్నమాట.

మడిచే పెట్టె కథ ఇంకా బాగుంటుంది. రాబర్ట్ గెయిర్ అని స్కాట్లండులో పుట్టి అమెరికా వెళ్ళినవాడు. బ్రుక్లిన్‌లో కాగితం సంచులు అచ్చువేసే వ్యాపారం. 1879లో ఒకరోజు విత్తనాల సంచులు అచ్చవుతుండగా, మడత గీత నొక్కాల్సిన ఇనుప పట్టీ ఒకటి జరిగి, పైకి లేచి, సంచుల్ని నొక్కడానికి బదులు కోసేసింది. సరుకు పాడైంది. ఇంకొకడైతే తల బాదుకునేవాడే. గెయిర్ ఆ చెడిన సంచుల్ని చేతిలోకి తీసుకుని చూశాడు. ఒక పట్టీ ఎత్తుగా ఉంటే కోస్తుంది, పక్కది కాస్త తగ్గుగా ఉంటే నొక్కుతుంది. అలాంటప్పుడు రెండు పనులూ ఒకే దెబ్బకు ఎందుకు కాకూడదు? అంతవరకూ అట్టపెట్టెలంటే విడిగా గీత గీసి, చేత్తో కోసి, అతికించేవి. ఆ తరువాత ఒక్క నొక్కుడుకు పెట్టె ఆకారం వచ్చేసింది. మడతబెట్టి పంపితే చోటు కూడా కలిసివచ్చింది. 1898లో నేషనల్ బిస్కట్ కంపెనీ తన యూనీడా బిస్కట్లను మైనపు కాగితం పరిచిన అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేసరికి, పీపాల్లోంచి తీసి తూచి ఇచ్చే పాత బిస్కట్ల రోజులు పోయాయి.

ఈ కథ నేను ఉత్సాహంగా కాకాకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, చాలాసేపు ఆలోచించి, ఒక్కటే ప్రశ్న వేశాడు.

"మరి పట్టీ సరిగ బిగియ్యనోనికి గాయన జీతం కోసిండా?"

నా దగ్గర జవాబు లేకపోయింది. నేను చదివిన కథల్లో గెయిర్ పేరే ఉంటుంది గాని ఆ పనివాడి ఊసే ఉండదు.

పెట్టె పుట్టడం ఒక ఎత్తు, దాన్ని నమ్మించడం ఒక ఎత్తు. నిజాం రైలు 1886లో వరంగల్లుకూ 1889లో బెజవాడకూ చేరింది. జనగామ, మానుకోట స్టేషన్లు ఆ దారిలోవే. ఆ రోజుల్లో సరుకంటే గోనెసంచి, డబ్బా, గంప, కొయ్యపెట్టె. అమెరికాలోనూ రైలు కంపెనీలకు కొయ్యపెట్టె మీదే గురి. అట్టపెట్టెలో సరుకు పంపితే కిరాయి ఎక్కువ గుంజేవి. ప్రిధమ్ అనే కంపెనీ దీనిమీద ఫిర్యాదు పెట్టగా, 1914లో అక్కడి వాణిజ్య కమిషన్ అది అన్యాయమని తేల్చింది. అక్కడినుంచి కొయ్యపెట్టె వెనకపడింది. మానుకోట మిర్చి మాత్రం ఇవాళ్టికీ గోనెసంచి వదలలేదు. దాని ఘాటుకు అట్ట తట్టుకోదేమో!

కాగితానికి మన ప్రాంతం కొత్తదేమీ కాదు. కాగజ్‌నగర్ సిర్పూరు మిల్లులో 1942లో ఉత్పత్తి మొదలైంది. మధ్యలో 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరిచారు. భద్రాచలానికి గోదావరి ఇవతల సారపాకలో 1979నుంచి పెట్టెలకు పనికొచ్చే అట్టే తయారవుతున్నది. మానుకోట వైపు చేలల్లో బారులు తీరిన జామాయిల్ చెట్లు కనిపిస్తే, సగం చెట్టుగా సగం అట్టగా కనిపిస్తున్నాయి నాకిప్పుడు. కమలాపురం మిల్లు సంగతి వేరు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు అది భూపాలపల్లి జిల్లాలోకి వచ్చి, 2019లో ములుగుకు పోయింది. 1981నుంచి అక్కడ కర్ర గుజ్జయింది గాని, ఆ గుజ్జు పెట్టె కాలేదు, రేయాన్ దారానికి పోయింది. 2014లో మిల్లు ఆగిపోయింది. బోల్టులు బిగిస్తే నడిచే రకం జబ్బు కాదది.

మళ్ళీ షెడ్డుకు వద్దాం. అట్టపెట్టెల యంత్రానికి వచ్చే జబ్బుల్లో సగం అతిగా బిగించడంవల్ల వచ్చేవేనని కాకా సిద్ధాంతం. రోలర్ల మధ్య సందు తగ్గిస్తే జిగురు బాగా పట్టుకుంటుందని కొత్తవాడి ఆశ. తీరా చూస్తే ముడతలు నలిగిపోతాయి. పైకి ఏమీ తెలియదు. ఆయన బొటనవేలితో అట్ట నొక్కి చూస్తాడు. తిరిగి లేచిందా సరే, లేవలేదా అది కాగితమే గాని పెట్టె కాదు. లారీలో పది పెట్టెల కింద ఉన్నప్పుడు తెలుస్తుంది దాని బండారం.

జిగురుకు పరీక్ష ఇంకా సులువు. అతికిన పొరను చింపాలి. కాగితం పీచు లేచివస్తే జిగురు మంచిది. శుభ్రంగా ఊడి తెల్లపొడి రాలితే జిగురు ఉడకలేదన్నమాట. పూర్వం సోడియం సిలికేటు పూసేవారట. 1930ల్లో అమెరికాలో స్టెయిన్ హాల్ కంపెనీవాళ్ళు మొక్కజొన్న పిండిలో కొంత ముందే ఉడికించి, మిగతాది పచ్చిగానే కలిపి, ఆ పచ్చిపిండి వేడి యంత్రంమీదే ఉడికే పద్ధతి పెట్టారు. చీరలకు గంజి పెట్టే ఆడవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, వేడి చాలకపోతే గంజి గంజి కాదు. కరెంటు కోతల రోజుల్లో నడిమధ్య రోలర్లు చల్లబడి పూటపూటంతా అట్ట ఊడిపోయేదిట. 2010లో భూపాలపల్లి పక్కన చెల్పూరులో కరెంటు పుట్టడం మొదలైందని విన్ననాడు, ఇక తన జిగురు ఉడుకుతుందని కాకా సంబరపడ్డాడట.

మడత దగ్గర అట్ట పగలడం మూడో జబ్బు. నొక్కే పట్టీకి కింద ఒక గాడి ఉంటుంది. ఇరుకైతే అట్ట చిట్లుతుంది, వెడల్పైతే ఎక్కడ మడవాలో అట్టకే తెలియదు. కాగితంలో పీచు ఒకే వాటంగా పరుచుకుంటుంది. వార్తాపత్రికను నిలువునా చింపి చూడండి, తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చింపితే దాని ఇష్టం. మడతకూడా అంతే, వాటం చూసి పడాలి. వేసవిలో అట్ట మరీ ఎండినా పగుళ్ళే. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు చెక్కేవాళ్ళకూ ఇదే బాధ. కొట్టగా కొట్టగా రేకు బిరుసెక్కుతుంది, మళ్ళీ కాల్చి మెత్తబరిస్తేగాని సుత్తికి లొంగదు. అక్కడ నిప్పు, ఇక్కడ కాస్త తేమ.

ఇక నాలుగోది, నిజానికి మొదట చెప్పవలసింది. కోత యంత్రం దవడలా తెరుచుకుని మూసుకుంటుంది. తెరుచుకున్న క్షణంలో అట్ట పెట్టాలి, తీయాలి. అట్ట ఒక్కోసారి వంకరగా పడుతుంది. సరిచేద్దామని చెయ్యి దానంతటదే పోతుంది. కాకా కుడిచేతికి చూపుడువేలూ మధ్యవేలూ సగమే ఉన్నాయి. బొటనవేలితోనే ఎందుకు నొక్కుతాడో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎప్పుడో వేరే ఊళ్ళో, వేరే షెడ్డులో జరిగిందట. ఆ షెడ్డు పేరు ఇప్పుడెందుకు గాని, చెడిన అట్టకల్లా కూలీలో కోత పెట్టే చోటు అది.

"అట్ట వంకరొస్తే అట్ట పోతది. నేను అట్ట పోవద్దనుకున్న," అన్నాడు.

మా బావ ఆ రోజు ఏమీ అనలేదు. నెల తిరక్కుండా యంత్రానికి రక్షణ కడ్డీ పెట్టించాడు. చెడిన అట్టలు వేసేందుకు గోడవార ఒక మూల కేటాయించాడు. వాటిని ఎవరూ లెక్కపెట్టరు, నెలాఖరున ఊరికే తూచి పాతకాగితాలవాడికి పంపేస్తారు.

మొన్న పనిమీద మానుకోట వెళ్ళాను. విత్తనాల దుకాణం ముందు ఖాళీ పెట్టెలు పేర్చి ఉన్నాయి. పైపెట్టెను వంగి బొటనవేలితో నొక్కి చూశాను. లేచింది. లోపలినుంచి దుకాణదారు తొంగిచూసి, "ఏం గావాలె సారూ, పెట్టెనా, విత్తనాలా?" అన్నాడు.