జపమాలయు పెరటితోటయు

తెల్లవారకమున్నే చెంబెడు నీటితో పెరటిలోనికి పోయి, మల్లెపాదు మొదలుకొని బెండమొక్క వరకు నీరు పోయుచు, పెదవులు కదలీ కదలకుండ మంగళవార్త జపము చెప్పుకొను ముదుసలులు కృష్ణామండలపు కథోలిక గృహములందు క్రొత్తవారు కారు. ఇది తోటపని, అది ప్రార్థన యని విడదీసి చెప్పుమన్నచో వారు చెప్పలేరు. చదువుకొన్నవారు కొందరు వారిని చూచి, ప్రార్థనకు దేవాలయమును ఏకాగ్రతయు వలయును గాని మట్టిచేతులతో చేయు జపమేమి జపమని నవ్వుదురు. ఆ నవ్వునకు చరిత్ర యేమి ప్రత్యుత్తరము చెప్పునో చూతము.

మొదట పేరునే విచారింతము. మనము జపమాల యనుదానికి లాటిను భాషలో రొసారియుమ్ అని పేరు. గులాబితోట యని దాని యర్థము. మధ్యయుగపు ఐరోపా క్రైస్తవులు ఒక్కొక్క జపమును మరియమ్మ పాదముల కడ పెట్టు నొక్కొక్క గులాబిగా భావించిరి. మఠములలో సన్న్యాసులు 150 కీర్తనలను లాటినులో పఠించుచుండగా, చదువురాని కృషీవలుడు తనకు వచ్చిన చిన్న జపమునే 150 మారులు చెప్పుకొనెను. పండితుల గ్రంథమునకు బదులుగా పామరులు పెంచుకొన్న దీ గులాబితోట. తెలుగు కథోలికులకు దీనికి మాట వెదకికొను శ్రమయే కలుగలేదు. పూసలకును పూవులకును మనకు మాల యొక్కటియే గదా!

చదువుకొన్న సన్న్యాసులు మాత్రము మట్టికి దూరముగా నుండిరా? ఆరవ శతాబ్దమున బెనెడిక్టు ముని తన మఠవాసులకు ప్రార్థనకు వేళలేర్పరచినట్లే చేతిపనికిని వేళలేర్పరచెను. నీరును, తిరుగలియు, తోటయు మఠపు ప్రహరిలోపలనే యుండవలెనని విధించెను. తొమ్మిదవ శతాబ్దమున రైకెనౌ మఠాధిపతియైన వాలాఫ్రిడ్ స్ట్రాబో తన చిన్నతోటను గూర్చి లాటినులో కావ్యము వ్రాసినాడు. అందు మొదట వచ్చునది భక్తి కాదు, కలుపు. దురదపుట్టించు ముండ్లమొక్కలను వేళ్లతో పెరికి, నేల చదునుచేసి, ఎరువు వేసిన తరువాతనే యాతడు ఇరువదికి పైగా మొక్కలను వర్ణించి, తుదకు గులాబిని వేదసాక్షుల రక్తమునకును లిల్లిని విశ్వాసమునకును గురుతులుగా చెప్పినాడు. అసిస్సీ ఫ్రాన్సిసు సంగతి యింకను మనోహరము. తోటనంతయు కూరలకే త్రవ్వవద్దనియు, అంచున కొంతనేల గడ్డికిని పూవులకును విడువుమనియు ఆయన తోటమాలికి చెప్పినట్లు చెలానో తోమాసు 13వ శతాబ్దమున వ్రాసెను.

ఇక మన సీమకు వత్తము. బెజవాడ కడ కృష్ణానదికి ఆనకట్ట పని 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. ఆ 1855లోనే ఇటలీ దేశమునుండి మిలాను మిషను గురువులు హైదరాబాదునకు వచ్చిరి. తరువాత కృష్ణామండలమును వారి పరిచర్యలోనిదయ్యెను. 1937లో బెజవాడ పీఠము ప్రత్యేకముగా నేర్పడెను. కాలువల నీరు మెట్టను మాగాణి చేసెను. కాని యా మాగాణి యెవరిది? డెల్టా పల్లెలలో క్రైస్తవమును స్వీకరించినవారిలో పెక్కురు పొలములలో నాట్లు వేయువారును కోతలు కోయువారునే గాని పొలము గలవారు కారు. వారి చెమటతో పండిన ధాన్యము పరుల గాదెలకు చేరెను. అట్టి కుటుంబమునకు తన యిచ్చవచ్చినది నాటుకొనుటకు గుడిసె చుట్టునున్న నాలుగు గజముల నేల తప్ప వేరొకటి లేదు. ఆ నాలుగు గజములలో వారు కూలివారు కారు. ఇంటిపై కప్పుమీదికి ప్రాకించిన ఆనపపాదునకు ఆసామి లేడు, మేస్త్రి లేడు. అచ్చట ఎవరి యాజ్ఞయు లేక చేసిన పని యగుటచేతనే అది ప్రార్థనతో కలిసిపోగలిగినదని నా యభిప్రాయము. మన చరిత్రకారులు ఆనకట్ట పొడవు వ్రాయుదురు, గురువుల పేర్లు వ్రాయుదురు, ఆనపపాదును మాత్రము వ్రాయరు.

క్రైస్తవుని పరదేశి మతస్థుడని యాక్షేపించువారికిని ఆ పెరడే సమాధానము చెప్పగలదు. దసరాకు గుమ్మమునకు కట్టు బంతిపూవు పుట్టినిల్లు మెక్సికో. మిరప, జామ, బొప్పాయి, అనాస, జీడిమామిడి యివన్నియు పోర్చుగీసువారు మొదలగు ఐరోపా నావికుల రాకపోకలవలన అమెరికా ఖండమునుండి వచ్చినవే. మిరపకాయ లేని ఆంధ్రుని భోజనము నూహింపుడు! అచ్చటినుండియే వచ్చిన మరియొక ఫలమునకు సాక్షాత్తు జానకీదేవి పేరు పెట్టి సీతాఫలమంటిమి. దేవగన్నేరునకును మాతృభూమి అదియే.

అమెరికాలోనే స్పెయిను గురువులొక తీగపూవును చూచి అందు క్రీస్తు శ్రమలను చదివిరి. చుట్టునున్న పోగులు ముండ్లకిరీటము. ఐదు పుప్పొడి తిత్తులు ఐదు గాయములు. నడుమనున్న మూడు కొనలు మూడు మేకులు. ఆ జాతి తీగయే మన పెరళ్లకు వచ్చి కౌరవపాండవుల పూవయ్యెను. చుట్టునున్న పోగులే నూర్గురు కౌరవులు, ఐదు తిత్తులే పాండవులు! ఒక్క పూవునందు ఒకరు కల్వరిని, వేరొకరు కురుక్షేత్రమును చూచిరి. నీరు పోసిన యిల్లాలు రెండు కథలును విన్నది. ఏ కథకొరకును తీగను పెరికివేయలేదు.

గుణదల కొండమీది తల్లి లూర్దుమాత. కావున లూర్దు వృత్తాంతమును కొంత చెప్పవలసియున్నది. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశమునందలి లూర్దు గ్రామమున బెర్నదెత్త యను పదునాలుగేండ్ల పేదపిల్లకు గుహకడ దర్శనము కలిగెను. అదే నెల 25న జనులందరు చూచుచుండగా ఆ పిల్ల మోకాళ్లమీద ప్రాకి, వ్రేళ్లతో నేల గోకి, బురదనీరు త్రాగి, గడ్డి తిన్నది. ముఖమంతయు బురద. జనులు పిచ్చియనిరి. ఆ గోకినచోటనే ఊట పుట్టి, క్రమముగా తేటయై, నేటికిని పారుచున్నది. మార్చి నెలలో విచారణ గురువు దర్శనము నిజమేయైనచో గుహకడనున్న అడవిగులాబి పొద చలికాలమున పూయవలెనని నిదర్శనము కోరెను. పొద పూయలేదు. లూర్దు కథలో నాకు మిక్కిలి ప్రియమైన భాగమిదియే. గురువుగారు పూవు నడిగిరి. వచ్చినది బురదయు నీరును. తోట వేసినవారికి ఈ రెండింటిలో ఏది ముందు కావలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

1924లో గుణదల పునీత జోజప్ప అనాథశరణాలయమునకు అధిపతిగా నుండిన ఆర్లాటి గురువు ఆ కొండపై మరియమాత స్వరూపమును నిలిపెను. 1933లో కొండకొమ్మున ఇనుప శిలువ నెత్తిరి. ఏటేట ఫిబ్రవరి 11న ముగియు నుత్సవమునకు అన్ని మతములవారును వత్తురు. కొబ్బరికాయలు, తలనీలాలు, పూలదండలు సమర్పింతురు. ఈ యాచారములను చూచి ముఖము చిట్లించువారు మనలోనే కలరు. పెరటిలో కాచిన కాయను, పూచిన పూవును తెచ్చి యిచ్చుటలో తప్పేమియో నాకు బోధపడదు. చిట్లింపదగినది వేరొకటి కలదు. ఇండ్లలోని స్వరూపములకు ఏడాది పొడవున వాడని ప్లాస్టికుదండలు వేసి, దుమ్ము దులుపుటకుకూడ తీరికలేక, సంతానము చల్లగా నుండవలెనని, పంట పండవలెనని మ్రొక్కుకొనుచున్నాము. విజయవాడలో పెరడు కరవైనదన్న మాట నిజమే. మేడమీద రెండు కుండీలకు చోటు లేదన్న మాట మాత్రము నిజము కాదు.

పునరుత్థానమైన క్రీస్తును మొదట చూచిన మగ్దల మరియ ఆయనను తోటమాలి యనుకొన్నదని యోహాను సువార్త చెప్పుచున్నది. ఆమె పొరబడినదని వ్యాఖ్యాతలందురు. పెరటిలో పనిచేయువారికి అది అంత పెద్ద పొరబాటుగా తోచదు.

త్రికాల జపమునకు సాయంకాలపు గంట ఆరింటికి మ్రోగును. చంద్రకాంత అంతకు కొంచెము ముందుగా విచ్చును. గంట విని ముదుసలి చెంబు క్రింద పెట్టి, చేతులు చెంగునకు తుడుచుకొని జపము మొదలుపెట్టును. కొన్నిదినములు తుడుచుకొనకయే మొదలుపెట్టును.