పేరులో ఏముందంటారా?

మొన్న మా పక్కింటావిడ పదిహేడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "స్కానింగులో పిసిఓడి అన్నారు వదినగారూ, ఆ నీటిబుడగలు ఆపరేషను చేసి తీయించెయ్యాలా?" అంది. పిల్ల ఒకటే ఏడుపు, కడుపులో గడ్డలున్నాయనుకుని.

ఆ బుడగలు నిజానికి గడ్డలు కావండీ. నెలనెలా ఎదిగి అండాన్ని వదలవలసిన చిన్న సంచులు, మధ్యలో ఎదుగుదల ఆగి నిలిచిపోయినవి. మరి ఆ పేరెలా వచ్చిందంటారా?

1935లో చికాగోలో స్టైన్, లెవెంథాల్ అనే డాక్టర్లు ఏడుగురు స్త్రీల గురించి రాశారు. నెలసరి సరిగా రాదు, కొందరికి మొహాన వెంట్రుకలు. కోసి చూస్తే అండాశయాలు ఉబ్బి, నిండా బుడగలు. ఒక్కో అండాశయంలో సగానికి తక్కువ కాకుండా తీసేశారు. అందరికీ నెలసరి తిరిగొచ్చింది! ఇంకేం, కంటికి కనబడినదే జబ్బయి కూర్చుంది, పేరూ దానికే దక్కింది. చాలా ఏళ్ళు కత్తే మందు. కోసినచోట పొరలు అతుక్కుని కొందరికి అదో కొత్త బాధ. 1960 తర్వాత అండం విడుదలకు మాత్రలొచ్చాక గాని కత్తి జోరు తగ్గలేదు.

వింతేమిటంటే, అంతకుముందే 1921లో పారిస్‌లో అషార్, టియేర్ అనే వైద్యులు 'గడ్డపు ఆడవాళ్ళ మధుమేహం' అని ఒక జబ్బుకి పేరు పెట్టారు. మోటు పేరే, ఏ ఆడది ఒప్పుకుంటుంది! అదీ ఇదీ ఒకటే అనను గాని, మగ హార్మోనుకీ చక్కెరకీ చుట్టరికముందన్న సంగతి అందులో ఉంది. చికాగో బుడగల్లో అది మునిగిపోయింది. ఇన్సులిన్‌తో సంబంధం 1980లో గాని పరీక్షల్లో తేలలేదు.

2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ కూర్చోబెట్టిన నిపుణులు, ఈ పేరు దారి తప్పిస్తోంది, మార్చండన్నారు. బుడగలు లేకపోయినా జబ్బు ఉండొచ్చు, ఉన్నా జబ్బు కాకపోవచ్చు. స్కానింగు బాగుందని ఒక పిల్లని ఇంటికి పంపేస్తారు. ఇంకొకావిడకి ఇద్దరు బిడ్డలు పుట్టగానే నయమైపోయిందనుకుని అందరూ మరిచిపోతారు. నలభయ్యో ఏట షుగరొస్తే, ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తోచదు.

టీనేజి పిల్లల్లో ఈ జబ్బు తేల్చడానికి స్కానింగు వద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మాట డాక్టరుగారిని అడగమన్నాను. షుగరు, బి.పి. కూడా చూపించమన్నాను. పిల్ల కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ మాత్రం గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "మరి రేపు పెళ్ళివారికి ఏ పేరు చెప్పమంటారు?" అంది.